ఆరో రకం సకినాలు

ఆ ఆదివారం ఉదయం రాజమల్లయ్య వేసుకున్న పథకంలో రాజకీయం లవలేశమైనా లేదు. ఆరు పళ్ళేలలో ఆరు రకాల సకినాలు పెట్టాలి. వాటిని ముగ్గురు మనుషులు కొరికి చూడాలి. మాంసకృత్తులు పుష్కలంగా ఉండి, పంటి కింద కరకరలాడే గుణం చెడని రకం ఏదో తేల్చాలి. తేలిన రకాన్ని భార్య బాలవ్వ చేత పూటపూటా తినిపించాలి. సిద్దిపేటలో చాలాకాలం జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషికి ఇది సహజమైన ఆలోచనే. సాయంత్రానికల్లా తన గేటు ముందు తన పేరుతో నినాదాలు మోగుతాయని ఊహించడానికి మాత్రం ఆయన బోధించిన పాఠాల్లో ఏదీ అక్కరకు రాలేదు.

మూలం బాలవ్వ కళ్ళు తిరగడం. కిందటి వారం కూరగాయల అంగట్లో ఆమె వంకాయల కుప్ప పక్కన కూలబడింది. దవాఖానలో రక్తపరీక్ష చేసిన డాక్టరు, ఒంట్లో మాంసకృత్తులు తక్కువగా ఉన్నాయనీ, పప్పులూ గుడ్లూ బాగా తినాలనీ చెప్పాడు. గుడ్డు వాసన ఆమెకు చిన్ననాటి నుంచీ పడదు. పప్పు మాత్రం రోజూ వండుతుంది, అందరికీ వడ్డిస్తుంది, గిన్నె అడుగున మిగిలితే తింటుంది. మిగలడమన్నది ఆ ఇంట్లో అరుదు. ఈ సంగతి డాక్టరు అడగలేదు, పక్కనే కూర్చున్న భర్తకు చెప్పాలని తోచలేదు. ఆమె ఇష్టంగా తినే వస్తువు ప్రపంచంలో ఒక్కటే ఉందని, అది సకినమని మాత్రం ఆయనకు తెలుసు. కాబట్టి పప్పును సకినంలోకి ఎక్కించాలని నిర్ణయించాడు.

శనివారమంతా ఆమె చేత ఆరు రకాల పిండి కలిపించాడు. బియ్యప్పిండిలో మొదటిదానికి శనగపిండి, రెండోదానికి పెసర, మూడోదానికి మినుము, నాలుగోదానికి ఉలవ, ఐదోదానికి పల్లీలు, ఆరోదానికి హైదరాబాదు నుంచి స్నేహితుడొకాయన పంపిన సోయా. బాలవ్వ తెల్లగుడ్డ పరిచి, వేళ్ళ మధ్య పిండిని మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు వేసింది. చేతులు పనిచేస్తున్నంతసేపూ నోరు నిరసన తెలుపుతూనే ఉంది.

"సకినమంటే బియ్యప్పిండి, నువ్వులు, వాము. గంతే. గిన్ని కలిపితే గది సకినమెట్లయితది?"

"పేరు ఏదైతేంది? బలం ముఖ్యం."

"నేనైతే నోట్లె పెట్ట. నాకు సోమారం దీక్ష ఉన్నది. గా పనులు జూసుకోవాలె."

"తింటెనే దీక్ష," అన్నాడు రాజమల్లయ్య, తరగతిలో చివరి వరుసకు వినిపించే గొంతుతో. "ఒంట్ల సత్తువ లేకుంట టెంటు కింద కూసుంటవా? మళ్ళ కండ్లు తిరిగితే ఎవల్ది జిమ్మెదారి? తినకుంటే చెప్పు, దీక్షలు నడిపే పర్శరాములుకు ఫోను కొట్టి నీ పేరు తీసేయమంట."

బాలవ్వ వేళ్ళు పిండి మీద ఆగిపోయాయి. తర్వాత మళ్ళీ చుట్టు వేయడం మొదలుపెట్టాయి.

సోమవారం ఆమెకు ఊరికే వచ్చింది కాదు. అరవై తొమ్మిదిలో, ఆమె బడికి పోయే పిల్లగా ఉన్నప్పుడు, ప్రత్యేక రాష్ట్రం కోసం తోటి పిల్లలంతా ఊరేగింపుగా ఇంటి ముందు నుంచే వెళ్ళారు. వాళ్ళ నాయిన తలుపుకు బయట గొళ్ళెం పెట్టాడు. కిటికీ చువ్వల్లోంచి ఆమెకు కనిపించినవి జడలూ జెండాలూ మాత్రమే. ఇన్నేళ్ళకు ఉద్యమం మళ్ళీ లేచింది. పాత బస్టాండు ఎదుటి శిబిరంలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్నాయి. ఈ ఉదయం కూర్చున్నవారు రేపు ఉదయం నిమ్మరసం తాగి లేస్తారు, మరో జట్టు కూర్చుంటుంది. సోమవారం ఆ కాలనీ మహిళల వంతు. వారిలో మొదటి పేరు బాలవ్వది. ఆమె ఆ రోజు కోసం చీరను ఇస్త్రీకి కూడా ఇచ్చింది. బాలవ్వ చీర ఇస్త్రీకి వెళ్ళడం కాలనీవాళ్ళు ఎరగని విషయం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది పిచ్చివాళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. రాష్ట్రం సంగతి తేల్చడానికి ఢిల్లీ వేసిన కమిటీ తన నివేదికను ఆ నెలలోనే బయటపెట్టింది. దానిలో ఆరు మార్గాలు చూపింది. ఐదోది, హైదరాబాదు రాజధానిగా తెలంగాణ. ఆరోది, రాష్ట్రాన్ని విడదీయకుండా కలిపి ఉంచడం. మొదటి నాలుగూ ఏమిటో సిద్దిపేటలో ఎవరినడిగినా తడుముకునేవారు. కానీ ఐదంటే ఆశ అనీ, ఆరంటే ద్రోహమనీ తెలియనివారు లేరు. ఆరు నిమ్మకాయలు కావలసినవాళ్ళు అరడజను అని అడగడం నేర్చుకున్నారు. రాజమల్లయ్య కూడా నికార్సయిన తెలంగాణవాదే. అయితే పిండి పేరు ముందే తెలిస్తే రుచి చూసేవారిలో పక్షపాతం పుడుతుందని పళ్ళేలకు అంకెలు మాత్రమే వేస్తున్నప్పుడు, ఆయన బుర్రలో మాంసకృత్తుల్లోని నత్రజని తప్ప ఇంకేమీ లేదు.

ఆదివారం ఉదయం కమిటీ కొలువుదీరింది. అవును, ఆయన దానికి కమిటీ అనే పేరు పెట్టాడు. సభ్యులు ముగ్గురు. ఒకరు రాజమల్లయ్య. రెండోవారు పక్కింటి జోహ్రా. నాలుక మీద ఉప్పు రేణువును కూడా పసిగడుతుందని ఆమెకు పేరు. మూడోవాడు సిద్ధయ్య. మగ్గం మీద గొల్లభామ చీరలు నేసి నేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. ఆ వయసులోనూ పళ్ళన్నీ సొంతవే కావడం ఆయన అర్హత. చెవులు సరిగ్గా వినిపించకపోవడం అనర్హతగా ఎవరికీ తోచలేదు.

ఖాళీ కడుపుతో తింటే ప్రతిదీ రుచిగానే ఉంటుందని, ముందుగా అందరికీ బాలవ్వ చేత ఉప్మా పెట్టించాడు రాజమల్లయ్య. గిన్నె ఖాళీ అయింది. ఆమె పళ్ళేలు వరండాలో వరసగా అమర్చి, దీక్ష సంగతులు మాట్లాడడానికి వెనక వీధిలోని పోచవ్వ ఇంటికి బయలుదేరింది.

నాలుగు రకాలు త్వరగానే వీగిపోయాయి. ఒకటి మెత్తబడింది, ఒకటి పన్ను విరిచేంత గట్టిపడింది, ఒకటి చేదెక్కింది, ఉలవలది బొగ్గులా నల్లబడింది. పోటీ చివరి రెండింటి మధ్య నిలిచింది. సరిగ్గా అప్పుడే పర్శరాములు ఇనుప రేకు గేటు అవతలికి వచ్చి నిలబడ్డాడు. ఆయన కాలనీ దీక్షల కన్వీనరు, ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, రాజమల్లయ్య పూర్వ విద్యార్థి. ఆ రోజు దీక్షలో కూర్చోబోయే జట్టుకు ఆయనే పెద్ద. శిబిరానికి వెళ్తూ వెళ్తూ, రేపు ఎన్నింటికి రావాలో బాలవ్వకు చెప్పిపోదామనుకున్నాడు. గేటు మీద చెయ్యి వేశాడు. లోపలి నుంచి జోహ్రా గొంతు వినిపించింది.

"ఐదోది చూసేతందుకే మంచిగున్నది సార్. జరంత ఒత్తితే ముక్కలైతున్నది. దీని మీద భరోసా పెట్టద్దు."

"ఏందీ?" అన్నాడు సిద్ధయ్య.

"ఐదోది పనికి రాదు, సిద్ధయ్యా!" రాజమల్లయ్య గొంతు చించుకున్నాడు. "ఐదోదాన్ని పక్కకు పెడుతున్నం!"

"మరి ఆరోది?"

"ఆరోదే! మొత్తం కలిసి ఉన్నది! ఎవలు ఎటు గుంజినా ఇడిపోతలేదు! దీంట్లనే బలం!"

"అయితే నేను గూడ ఆరోదానికే."

"ఖసంసే, ఒట్టు, నేను గూడ," అంది జోహ్రా. "ఖాయం చేయుండ్రి సార్!"

పర్శరాములు గేటు మీది చెయ్యి తీసేశాడు. వచ్చిన దారినే, చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. కరకరమని వినిపించిన శబ్దం ఏమిటో ఆలోచించే స్థితిలో ఆయన లేడు.

శిబిరంలో మెడలో బంతిపూల దండతో కూర్చున్నాక ఆయన ఆ మాటను ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాడు. ఎంతైనా చదువు చెప్పిన సార్. పక్కనున్నవాడికి ఒక్కడికే చెప్పాడు. ఆ పక్కనున్నవాడు టీ తాగడానికి వచ్చినవారికి చెప్పాడు. శిబిరం పక్కన టీ కొట్టు నడిపే జానీ పాషా చెవిలో పడేసరికి ఆ వార్తకు మరో కొమ్మ మొలిచింది. ద్రోహుల కమిటీలో అతని భార్య జోహ్రా కూడా సభ్యురాలు. అతను కెటిల్ పక్కన పెట్టి ఇంటికి ఫోను చేశాడు.

"నువ్వు ఆరోదానికి ఒప్పుకున్నవా?"

"హా, ఒప్పుకున్న. నీకెట్ల ఎర్కయింది?"

"నీకేమైన అకల్ ఉన్నదా జోహ్రా? బజార్ల నా ఇజ్జత్ పోతున్నది!"

"ఇజ్జతెందుకు పోతది? సార్ నాకు డబ్బ నిండ ఇస్తనన్నడు. నీకు గూడ తెస్త, ఆగు."

జానీ పాషా ఫోను పెట్టేసి స్టూలు మీద కూలబడ్డాడు. ఏమైందని అడిగినవాళ్ళకు ఒకే మాట చెప్పాడు. "సార్ డబ్బ నిండ ఇస్తుండట." ఆ డబ్బా టీ కొట్టు నుంచి శిబిరానికి చేరేటప్పటికి సంచి అయింది. శిబిరం నుంచి ఆటో అడ్డాకు చేరేటప్పటికి సూట్‌కేసు అయింది.

పర్శరాములు న్యాయమైన మనిషి. అవతలి వాదన వినకుండా తీర్పు ఇవ్వడం తప్పని, దీక్షలో కూర్చునే ఫోను చేశాడు. నలుగురూ వినాలని స్పీకరు నొక్కాడు.

"సార్, మీరు కమిటీ ఏసినరట?"

"ఏసిన," అన్నాడు రాజమల్లయ్య ఉత్సాహంగా. "నీకు అప్పుడే ఎర్కయిందా? ముగ్గురం కూసొని శాస్త్రీయంగ తేల్చినం."

"ఐదోదాన్ని కాదన్నరట?"

"కాదన్న. మనసుకు ఐదోదే నచ్చుతది పర్శరాములూ. నాకు గూడ చిన్నప్పటి నుంచి అదే ఇష్టం. గని ఆవేశంతోని నిర్ణయాలు చేస్తమా? బలం దేంట్ల ఉన్నదో చూడాలె."

శిబిరంలో ఎవరో పళ్ళు కొరికారు. పర్శరాములు చెయ్యెత్తి ఆపాడు.

"మరి హైదరాబాదు, సార్?"

"హైదరాబాదు నుంచే వచ్చింది అంత. ఇక్కడ యాడ దొరుకుతది? నాతోని ట్రైనింగుల ఉన్న గుంటూరు మాష్టారు ఒకాయన ఉన్నడు గద, ఆయన పంపిండు. పైస తీసుకోలే. మనసున్న మనిషి."

"గుంటూరు," అన్నాడు పర్శరాములు.

"ఆఁ. రేపు మీ శిబిరానికి గూడ ఓ డబ్బ పంపిస్త. దీక్షల కూసున్నోళ్ళకు గిది చాన అవసరం. ఒక్కసారి అలవాటైతే మీరే ఇడిచిపెట్టరు."

ఫోను ఆగిపోయింది. రాజమల్లయ్య దాన్ని తృప్తిగా బల్ల మీద పెట్టాడు. పాఠాలన్నీ గాలికి పోయాయనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒక విద్యార్థి, దీక్షలో ఉండి కూడా, మాంసకృత్తుల గురించి వాకబు చేశాడు.

పోచవ్వ ఇంట్లో బాలవ్వకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. దారిలో అంగడి పని చూసుకుని ఆమె చాలా ఆలస్యంగా వెళ్ళేటప్పటికి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. ఆమెను చూడగానే మాటలు ఆపేశారు. రేపు ఏ రంగు చీరలు కడదామని బాలవ్వ అడిగింది. మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచిపోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. చివరికి పోచవ్వ, నేల చూస్తూ, నోరు విప్పింది.

"నీ పేరు తీసేసిన్రక్కా."

"ఎవలు?"

"పర్శరాములు. ఇప్పుడే ఫోనొచ్చింది. నిన్ను అననీకి లేదు గని, మీ ఇంటాయన తోనే అయిందట అంత. నువ్వు గూడ ఇంక శిబిరం దిక్కు రాకుంటెనే మంచిదట."

నిన్న పిండి కలిపేటప్పుడు విన్న బెదిరింపు బాలవ్వకు గుర్తుకు రావడానికి క్షణం కూడా పట్టలేదు. అన్నంత పనీ చేశాడు. ఆమె పోచవ్వతో వాదించలేదు. కోమటి చెరువు గట్టు దాకా ఊరికే నడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, తిరిగి ఇంటికి వచ్చింది. అప్పటికి మిట్టమధ్యాహ్నం దాటింది. రాజమల్లయ్య నిన్నటి పులిహోర వెతికి తినేసి, ఆరో రకాన్ని డబ్బాలో సర్దుతున్నాడు.

"కొట్టేపిచ్చినవా?" అంది ఆమె గడపలోనే నిలబడి.

"ఏంది?"

"నా పేరు."

"నేనెవలికి చెప్పలే. పర్శరాములు ఫోను చేసిండు గని, గది సకినాల ముచ్చట."

"దీక్షల కూసున్నోడు నీకు ఫోను చేసి సకినాల ముచ్చట పెట్టిండా?"

"అవును. ఐదోది ఎందుకు వద్దన్నరని అడిగిండు."

"అప్పుడు చిన్నదాన్ని, నాయిన గొళ్ళెం పెట్టిండు," అంది బాలవ్వ. ఆమె గొంతు పెరగలేదు. "ఇప్పుడు నువ్వు. నీకు గొళ్ళెం గూడ అక్కర లేకపాయె. ఫోను చాలు."

రాజమల్లయ్యకు ఏ మాటకు ఏ మాట సంబంధమో అర్థం కాలేదు. భార్య ఏ గొళ్ళెం గురించి అంటున్నదో, తాను చేసిన తప్పేమిటో అడగబోతుండగా వీధి మలుపులో డప్పు మోగింది.

ముందు డప్పులు, వెనక దిష్టిబొమ్మ, దాని వెనక మెడల్లో దండలతో దీక్షాధారులు, వారి వెనక ఆదివారం పనిలేని ఊరు. దిష్టిబొమ్మకు కళ్ళజోడు పెట్టి, చేతికి సుద్దముక్క కట్టారు. ఊరేగింపు పక్కగా జానీ పాషా తలవంచుకుని నడుస్తున్నాడు. ముందున్నవారిలో సగం మంది రాజమల్లయ్య దగ్గర చదువుకున్నవారే. వాళ్ళకు పాత అలవాటు వదల్లేదు.

"ఆరో ఆప్షన్... డౌన్ డౌన్!"

"ద్రోహి రాజమల్లయ్య సార్... డౌన్ డౌన్!"

ఎదురుగా తన ఇంటి అరుగు మీద కూర్చున్న సిద్ధయ్య దండలూ డప్పులూ చూసి సంతోషించాడు. "ఎన్నడో కావల్సిన సన్మానం," అని లేచి నిలబడి దిష్టిబొమ్మకు నమస్కారం పెట్టాడు.

గేటు దగ్గరికి వచ్చిన రాజమల్లయ్య నినాదంలో ఆరు అన్న మాట ఒక్కటే పట్టుకున్నాడు. ఆయన బుద్ధి అతివేగంగా, పూర్తిగా తప్పు దారిలో పనిచేసింది. పర్శరాములు తండ్రికి గానుగ ఉండేది. పల్లీల వ్యాపారం. ఐదోదాన్ని ఓడించినందుకు ఆ కుటుంబం మనసు నొచ్చుకుని ఉండాలి.

"పర్శరాములూ!" అని రెండు చేతులూ ఎత్తాడు. "పల్లీల మీద నాకు ఏ కోపం లేదు!"

డప్పులు తడబడ్డాయి.

"పల్లీలేంది సార్?" అన్నాడు పర్శరాములు.

"ఐదోది పల్లీలదే గదా! నూనె కక్కుతది! అందుకే ఇరుగుతది! అది మీ నాయిన తప్పు గాదు!"

"మా నాయిన ఎందుకొచ్చిండు సార్ మధ్యల?"

"నువ్వే చెప్పాలె!"

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గొడవ విని పక్కింట్లోంచి జోహ్రా పరుగెత్తుకొచ్చింది. మొగుడు ఫోనులో ఎందుకు అరిచాడో అప్పటికీ తెలియని ఆమెకు, ఊరంతా ఆరోదాన్ని తిట్టడం భరించరానిదిగా తోచింది. వరండాలోకి పోయి, మిగిలిన సకినాల పళ్ళేలు రెండు చేతుల్లోనూ పట్టుకొచ్చింది.

"తినకుంట తిడతరేంది?" అంది. "గిదిగో ఐదు, గిదిగో ఆరు. తిని, అటెనుక చెప్పుండ్రి డౌన్ డౌన్!"

పర్శరాములు పళ్ళేల వంక చూశాడు. పళ్ళేల పక్కన అంటించిన అంకెల వంక చూశాడు. "సకినాలా?" అన్నాడు.

"మరి నువ్వేమనుకున్నవ్?" అన్నాడు రాజమల్లయ్య.

ఏమనుకున్నాడో చెప్పాల్సిన అవసరం లేకుండానే గేటుకు ఇవతలా అవతలా అందరికీ ఒకేసారి అర్థమైంది. జానీ పాషా ఆకాశం వైపు చూసి "యా అల్లా," అన్నాడు. బాలవ్వ, గడపలో నిలబడి, తన పేరు ఎందుకు పోయిందో అప్పుడు గ్రహించింది.

తెలివైనవాళ్ళయితే అక్కడితో నవ్వుకుని తిరిగి వెళ్ళిపోయేవారు. కానీ డప్పులు పెట్టి, దిష్టిబొమ్మ కట్టి, వీధులన్నీ తిరిగి వచ్చిన ఊరేగింపు, పొరపాటైందని వెనక్కి మళ్ళడం అంత సులువు కాదు. పర్శరాములు గొంతు సవరించుకున్నాడు.

"సకినాలే గావచ్చు సార్. గని సకినాలల్ల మాత్రం ఐదోది ఎందుకు ఓడాలె?"

"బలం లేదు గనుక."

"బలం లేదంటే మేమెట్ల నమ్ముతం?" అని ఆయన ఐదోదాన్ని తీసి కొరికాడు. అది ముక్కలై షర్టు మీద రాలింది. "నోట్ల ఎంత కమ్మగున్నదో చూడుండ్రి!" అన్నాడు జనం వైపు తిరిగి.

మిగతా దీక్షాధారులు ఉద్యమ విధేయతతో తలా ఒక ఐదోది అందుకున్నారు. ఇద్దరు, ఆరోదాన్ని సాక్ష్యాధారాలతో ఖండించడానికి, ఆరోదాన్ని కూడా కొరికారు. ఒకడు నములుతూ నములుతూ, "సప్పుడైతే మంచిగ చేస్తున్నది," అని పక్కవాడి చెవిలో ఒప్పుకున్నాడు. పక్కవాడు ద్రోహివన్నాడు. ఉప్పు చాలలేదని ఒకరు, వాము ఎక్కువైందని ఒకరు. కాసేపు ఆ గేటు ముందు కరకర తప్ప మరో శబ్దం లేదు.

బాలవ్వ మెట్లు దిగి వచ్చింది. ఆమె ఎవరినీ తిట్టలేదు.

"పర్శరాములూ, నీ మెడల దండ ఉన్నది."

"ఉన్నదమ్మా."

"నోట్లె సకినం ఉన్నది."

కరకర ఆగిపోయింది. దండలు వేసుకున్నవాళ్ళంతా దవడలు కదపకుండా నిలబడ్డారు. మింగితే దీక్ష పోతుంది, ఉమ్మితే బాలవ్వ చేతి సకినాన్ని ఆమె ఇంటి ముందే ఉమ్మినట్టవుతుంది. పర్శరాములు మింగాడు.

"శిబిరంల ఎవలున్నరు ఇప్పుడు?" అంది ఆమె.

"ఎవలు లేరమ్మా. అందరం ఇటే వచ్చినం."

మొదలైన నాటి నుంచి ఆ శిబిరం ఒక్క పూట ఖాళీగా ఉన్నది లేదు. ఊరికి అదొక పరువు. ఎవరైనా వెంటనే వెళ్ళి కూర్చోవాలి. కానీ తెల్లవారిన దగ్గర నుంచి ఏమీ తినని మనిషే కూర్చోవాలని నియమం. ఆ నియమం పెట్టింది పర్శరాములే. ఎవరైనా ఉన్నారా అని ఆయన జనాన్ని అడిగాడు. జానీ పాషా బన్ను తిన్నానన్నాడు. డప్పుల వాళ్ళు భోజనం చేసి వచ్చారు. పోచవ్వ కల్లు సంగతి బయటపడకుండా పప్పన్నం మాత్రమే ఒప్పుకుంది. ఒక్కొక్కరే కళ్ళు దించుకున్నారు. అది ఆదివారం. ఊరంతా కడుపునిండా తిని ఉంది.

"నేను తినలే," అంది బాలవ్వ.

రాజమల్లయ్య విస్తుపోయాడు. "పొద్దుగాల ఉప్మా?"

"మీరు ముగ్గురు తిన్నరు. గిన్నెల మిగలలే."

"మరి పగటీలి బువ్వ?"

"పులిహోర నువ్వు తిన్నవ్. నాకు వండుకుందామంటే డప్పులొచ్చె."

"సకినాలు?"

"గవి సకినాలని నేనెన్నడన్న అన్ననా?"

అందరూ తిన్నాక తినే అలవాటు ఆమెకు పెళ్ళైన నాటి నుంచీ ఉంది. దాన్ని అప్పటి వరకూ ఎవరూ దీక్ష అని పిలవలేదు.

"కండ్లు తిరుగుతయి!" అన్నాడు రాజమల్లయ్య. ఆయన కంగారు నిజమైనదే. "ఒక్కటి తిని పో. ఆరోది. ఒక్కటే!"

"తింటే ఎట్ల కూసుంట సారూ?" అంది ఆమె. అంత చదువుకున్న మనిషి, పళ్ళెంలోంచి తీసిన ఆరోదాన్ని తిరిగి పళ్ళెంలోనే పెట్టేశాడు.

పర్శరాములు తన మెడలోని దండను తీసి, వేయాలా చేతికివ్వాలా తెలియక తటపటాయించాడు. బాలవ్వే అందుకుని వేసుకుంది. "నీ పేరు మళ్ళ రాస్తనమ్మా, మొదట్లనే," అన్నాడాయన. "నేను పోయి కూసున్నంక రాయి," అంది ఆమె. ఇస్త్రీ చీర మార్చుకోవడానికి ఆగలేదు. పిండి మరకల చీరతోనే గేటు దాటింది. డప్పులు వెనక్కి తిరిగాయి. ఎవరికి వ్యతిరేకంగా వచ్చారో మరచిపోయిన ఊరేగింపు, ఎవరి కోసం వెళ్తున్నదో సరిగ్గా తెలియకపోయినా, ఆమె వెనక నడిచింది. ఈసారి ఆమె వీధి మధ్యలో ఉంది. కిటికీల్లోంచి చూసేవాళ్ళు వేరేవాళ్ళు.

బాలవ్వ మరునాటి ఉదయం దాకా ఆ టెంటు కింద ఒక్కతే కూర్చుంది. కళ్ళు తిరగలేదు. తెల్లవారాక జోహ్రా నిమ్మరసం ఇచ్చింది. పోచవ్వా మిగతా ఆడవాళ్ళూ వచ్చి కూర్చుంటే, ఆమె లేవకుండా, ఇది నిన్నటిదనీ, తన సోమవారం వంతు తనకు ఉండనే ఉందనీ వాదించింది. ఆ వాదనలో ఆమె ఓడిపోయిందో గెలిచిందో చెప్పగలవారు లేరు. ఎందుకంటే రాజమల్లయ్య టిఫిను డబ్బాతో ఆమె పక్కనే నిలబడి, ఆమె తినేవరకూ తాను ఏమీ ముట్టనని భీష్మించాడు. ఆ డబ్బాలో ఉన్నది పప్పన్నం. తానే వండాడు. ఆమె గిన్నె అడుగు దాకా తిని, ఉప్పు ఎక్కువైందని చెప్పింది.

శిబిరానికి వచ్చిన విలేకరి వివరాలు అడిగితే, బాలవ్వ నోట్లో ముద్ద ఉన్నందువల్ల, రాజమల్లయ్యే చెప్పాడు. మంగళవారం నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. విశ్రాంత ఉపాధ్యాయుడు రాజమల్లయ్య చేపట్టిన ఒంటరి దీక్షకు ఆయన సతీమణి సంఘీభావం తెలిపారని అందులో ఉంది.